కళ్ళె డబ్బా ప్రయాణం



పెడనలో పుట్టి పెరిగినవాళ్ళకి రంగు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు. అచ్చుతో పటిక ముద్ర కొడతారు. పారే కాలువలో జాడిస్తారు. ఆ పైన రంగు కాగులో వేసి ఉడికిస్తే పటిక పడిన చోట ఎరుపు నిలుస్తుంది, పడని చోట ఉతికేకొద్దీ పోతుంది. కరక్కాయ దగ్గర జరిగిన పొరపాటుని కాగు కింద ఎన్ని కట్టెలు పెట్టినా దిద్దలేం. మా వీధిలో అద్దకం పనిచేసే ఏ పెద్దాయన్ని అడిగినా ఈ మాటే చెబుతాడు.

నేను ముప్పై ఏళ్ళు చేసింది కూడా ఒకరకంగా అద్దకం పనే. ప్రభుత్వ ఆసుపత్రి ల్యాబులో కళ్ళె పరీక్షలు చేసేవాణ్ణి. కళ్ళె అనండి, గళ్ళ అనండి, తెమడ అనండి, దగ్గితే రొమ్ములోంచి వచ్చేది అదే. దాన్ని గాజు పలక మీద పల్చగా పులిమి, ఆరాక సెగ చూపించి, కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్రరంగు పోసి ఆవిరి లేచేదాకా కింద మంట పెట్టేవాళ్ళం. తర్వాత ఆమ్లంతో కడిగేవాళ్ళం. ఆ దెబ్బకి తక్కినవన్నీ రంగు వదిలేసేవి, క్షయ క్రిమి మాత్రం వదిలేది కాదు. దాని ఒంటికి మైనంలాంటి పొర ఉంటుంది. అందులోకి ఒకసారి దిగిన రంగు ఆమ్లానికి కూడా లొంగదు. చివర నీలం వేసి మైక్రోస్కోపులో పెడితే నీలి నేల మీద సన్నటి ఎర్రపుల్లలు కనిపించేవి. పెడన మాటలో అది పక్కా రంగు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ ఈ క్రిమి సంగతి లోకానికి వెల్లడించాడు. ఏటా అదే తేదీన క్షయ దినం జరుపుకుంటున్నాం. 1882లోనూ, ఆ మరుసటేడూ జీల్, నీల్సన్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు దిద్దిన రంగు పద్ధతి ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో నడుస్తోంది.

ఇప్పుడు దాన్ని మించిన యంత్రాలు వచ్చాయి. సీబీనాట్ అని ఒకటి ఉంది, 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదించింది. కళ్ళెలో క్రిమి ఉందో లేదో, ఉంటే అది రిఫాంపిసిన్ మందుకి లొంగుతుందో లేదో రెండు గంటల్లో చెబుతుంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ ఇంకొకటి. అది బ్యాటరీ మీద కూడా నడుస్తుంది, కరెంటు పోయిందని ఆగదు. మైక్రోస్కోపులో కనపడాలంటే ఒక మిల్లీలీటరు కళ్ళెలో 5 వేల నుంచి 10 వేల క్రిములుండాలి. సీబీనాట్‌కి నూటముప్పై ఉన్నా సరిపోతుంది. అయినా ఈ పరీక్షల్లో ఏదీ ల్యాబులో మొదలు కాదండీ. మీ పెరట్లో, పొద్దున్నే, మీరు దగ్గే దగ్గుతో మొదలవుతుంది. కాబట్టి ఈ పూట నేను మాట్లాడబోయేది కాగు గురించి కాదు, కరక్కాయ గురించి.

ల్యాబు కిటికీలోంచి డబ్బా అందుకుని మూత తీసి చూస్తే చాలాసార్లు నా ప్రాణం ఉసూరుమనేది. లోపల నీళ్ళలాంటి తేట ద్రవం, పైన నురగ. అది ఉమ్ము. నోట్లో ఊరేది. క్షయ ఉండేది ఊపిరితిత్తుల్లో. ఉమ్ముని ఏ యంత్రంలో పెట్టినా చాలావరకు నెగెటివ్ అనే వస్తుంది. ఆ కాగితం పట్టుకుని మనిషి సంతోషంగా ఇంటికి వెళతాడు. ఉమ్ములో క్రిమి లేదని ఆ కాగితం చెప్పింది. రొమ్ములో లేదని చెప్పలేదు. ఈ తేడా ఆయనకి ఎవరూ విప్పి చెప్పరు. రెండు నెలలు పోయాక బరువు తగ్గి, రక్తం పడి, అదే కిటికీ దగ్గరికి మళ్ళీ వస్తాడు. ఈలోగా ఇంట్లో పసిపిల్ల కూడా దగ్గుతూ ఉంటుంది.

దీని మీద పాకిస్తాన్‌లోని రావల్పిండిలో ఒక అధ్యయనం జరిగింది. 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కళ్ళె ఇవ్వడానికి వచ్చిన వాళ్ళలో కొందరికి, ఎలా దగ్గాలో, ఏది పోయాలో రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పారు. మిగతావాళ్ళకి మామూలుగా డబ్బా చేతికిచ్చారు. చెప్పించుకోని ఆడవాళ్ళలో నూటికి 8 మందికి క్రిమి కనపడింది. చెప్పించుకున్న ఆడవాళ్ళలో నూటికి 13 మందికి కనపడింది. కొత్త యంత్రం లేదు, కొత్త రంగు లేదు. నాలుగు మాటలు చెప్పారు, అంతే. ఆ వ్యాసం చదివిన రోజు నేను కిటికీ దగ్గర ఎంతమందికి మాట్లాడకుండా డబ్బా అందించానో లెక్క వేసుకోవడానికి ప్రయత్నించాను. లెక్క తేలలేదు. అప్పట్నుంచి డబ్బా ఇచ్చే ముందు బయటికొచ్చి మనిషి పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాను.

అప్పుడు చెప్పిన మాటలే ఇప్పుడు మీకూ చెబుతాను. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, కాచి చల్లార్చిన నీళ్ళతో నోరు పుక్కిలించండి. పేస్టు వద్దు, మౌత్‌వాష్ వద్దు. ఇంటి బయటికి రండి, నాలుగు వైపులా గాలి ఆడే చోటుకి. గాలి మీ వీపు మీదుగా వీచేలా నిలబడండి, పక్కన ఎవరూ ఉండకూడదు. గట్టిగా ఊపిరి పీల్చి కాసేపు బిగబట్టి వదలండి. రెండు మూడుసార్లు అలా చేశాక, ఈసారి పీల్చిన ఊపిరితోనే పొట్ట బిగించి లోపల్నుంచి దగ్గండి. గొంతు దగ్గర ఖణేల్‌మని దగ్గితే సరిపోదు. చిక్కగా, పసుపుగానో తెల్లగానో జిగటగా వచ్చిందే కళ్ళె. డబ్బా అంచు తడవకుండా అందులో పోయండి. కనీసం 2 మిల్లీలీటర్లు కావాలి, అంటే అర టీస్పూను కంటే తక్కువ. అది ఒక్క దగ్గులో రాదు. రాకపోతే కాసేపు కూర్చుని మళ్ళీ ప్రయత్నించండి. తొందరేం లేదు.

ముందే చెప్పాల్సింది ఒకటి మర్చిపోయాను. మగ్గం ఉన్న గదిలో మాత్రం దగ్గకండి. మన పెడనలో, చుట్టుపక్కల ఊళ్ళలో చాలా ఇళ్ళు ఒకే పెద్ద గది. గుంత మగ్గం అందులోనే, పడక అందులోనే, వానాకాలం నూలు చెమ్మగిల్లుతుందని కిటికీ మూసేదీ అందులోనే. క్షయ గాలిలో అంటుకునే జబ్బు. కళ్ళె కోసం గట్టిగా దగ్గే ఆ రెండు నిమిషాల్లో లోపలి క్రిములు ఎక్కువగా బయటికి వస్తాయి. ఎండ పడే పెరడు ఇంటిల్లిపాదికీ మేలు. ఆసుపత్రిలో అయితే మరుగుదొడ్డిలోకి వెళ్ళి దగ్గేవాళ్ళుంటారు, సిగ్గుపడి. అది మూసిన గది, తర్వాత వెళ్ళేవాళ్ళు ఆ గాలే పీలుస్తారు.

సిగ్గు మాట వచ్చింది కాబట్టి ఆడవాళ్ళ గురించి కాస్త ఆగి చెప్పాలి. నలుగురిలో కాండ్రించి ఉమ్మడం ఆడపిల్లలకి తగదని చిన్నప్పట్నుంచీ నేర్పాం. పెళ్ళి కావాల్సిన పిల్లయితే తల్లే చెవిలో చెబుతుంది, గట్టిగా దగ్గొద్దమ్మా, ఎవరైనా వింటారని. అలా పెరిగిన పిల్లని తీసుకొచ్చి డబ్బా చేతిలో పెట్టి దగ్గమంటే ఏం చేస్తుంది? పెదాల చివర ఉన్న ఉమ్ము వేసి ఇచ్చేస్తుంది. రావల్పిండిలో ఆడవాళ్ళ లెక్క అంతగా మారడానికి కారణం నాకైతే అక్కడే ఉందనిపిస్తుంది. అత్తలారా, అమ్మలారా, ఆ పిల్లతో పాటు పెరట్లోకి మీరే వెళ్ళండి. కాస్త దూరంగా నిలబడి, ఫరవాలేదు, గట్టిగా దగ్గమ్మా అని ఒక్క మాట అనండి. ఆశా కార్యకర్త పది కరపత్రాలిచ్చినా ఆ పని జరగదు.

ఒకప్పుడు మూడు డబ్బాలు అడిగేవాళ్ళం, ఇప్పుడు రెండు చాలు. వచ్చిన రోజు అక్కడికక్కడే ఒకటి, మర్నాడు పొద్దున ఇంటి దగ్గర ఇంకొకటి. రాత్రంతా ఊపిరితిత్తుల్లో పేరుకున్నది తెల్లవారి దగ్గులో వస్తుంది కాబట్టి రెండోదానికి బలం ఎక్కువ. రెండో డబ్బా తేవడానికి కూలి పోతుందని మానేసేవాళ్ళున్నారు. దయచేసి మానకండి.

డబ్బా మీద పేరు రాసే పని మాది, కానీ రాశామో లేదో చూసుకునే పని మీది. పేరు, నంబరు డబ్బా ఒంటి మీద ఉండాలి, మూత మీద కాదు. ల్యాబులో పాతిక డబ్బాల మూతలు ఒకేసారి తీసినప్పుడు ఏ మూత ఏ డబ్బాదో ఎవరు చెప్పగలరు? ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఒక వీధిలో ఇద్దరు ముగ్గురు మనుషులున్న ఊళ్ళు మనవి. అందుకే వయసు, క్షయ నమోదులో ఇచ్చే నిక్షయ్ నంబరు కూడా రాస్తాం. ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళితే, జబ్బు లేనివాడు ఆరు నెలలు మందు మింగుతాడు, ఉన్నవాడు ఇంటికెళ్ళి అందరి మధ్యా పడుకుంటాడు.

ఇక ప్రయాణం సంగతి.

ఒకప్పుడు జబ్బు మనిషే ప్రయాణం చేసేవాడు. గత శతాబ్దం మొదట్లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం కట్టారు. దూరదూరాల నుంచి రోగులు వెళ్ళి కొండగాలి పీలుస్తూ నెలల తరబడి అక్కడ ఉండేవాళ్ళు. కొడుకు మొహం చూడకుండా పోయినవాళ్ళూ ఉన్నారు. 1956లో మద్రాసులో పెట్టిన క్షయ కీమోథెరపీ కేంద్రం కొంతమందిని శానటోరియంలో ఉంచి, కొంతమందిని ఇళ్ళలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చి చూసింది. 1959లో ఫలితాలు ప్రచురించారు. ఇంట్లో వాడినవాళ్ళకీ దాదాపు అంతే నయమైంది, ఇంట్లోవాళ్ళకి అదనంగా అంటుకోనూ లేదు. నాకు ఆ ఫలితం మన దేశపు గొప్ప పనుల్లో ఒకటి. దానితో మనిషి ఇల్లు వదలాల్సిన అవసరం తీరిపోయింది. ఇప్పుడు కదలాల్సింది ఆయన కళ్ళె ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ మనం క్షేమంగా చేర్చలేకపోతే ఎలా?

పెడన నుంచి మచిలీపట్నం పది పన్నెండు కిలోమీటర్లు, బస్సో ఆటోనో దొరుకుతుంది. దివిసీమలో అలా కాదు. నాగాయలంక మండలంలోని ఎదురుమొండికి కృష్ణ పాయని పంటు మీద దాటాలి. గాలి ఎక్కువైనా, నీరు తగ్గినా పంటు ఆగుతుంది. ఈలచెట్లదిబ్బ నుంచైతే ఇంకా దూరం. అక్కడ పొద్దున ఆరింటికి ఇచ్చిన కళ్ళె మధ్యాహ్నం ఎండలో రేవు దగ్గర ఎవరి సంచిలోనో ఉంటుంది. రోహిణి కార్తె ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పేదేముంది.

ఆ ఎండలో డబ్బాలో ఏం జరుగుతుందో చెబుతాను. క్షయ క్రిమి మహా నిదానం. ఒకటి రెండు కావడానికి దాదాపు ఇరవై గంటలు తీసుకుంటుంది. నోట్లో ఉండే మామూలు క్రిములు అలా కాదు. వెచ్చగా ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యేవి వాటిలో ఉన్నాయి. లెక్క వేయండి, నాలుగు గంటల్లో ఒకటి నాలుగువేల పైచిలుకు అవుతుంది. అంతసేపటికి క్షయ క్రిమి ఇంకా ఒకటిగానే ఉంటుంది. ఊద పట్టిన నారుమడి చూశారు కదా, వరి మొలక ఎక్కడుందో వెతుక్కోవాలి. అలా అవుతుంది. రంగు పరీక్షకి, సీబీనాట్‌కి క్రిమి చచ్చినా ఫరవాలేదు, దాని ఆనవాలు దొరుకుతుంది. కానీ మందుకి లొంగని క్షయ అని అనుమానం వస్తే కళ్ళెని కల్చర్‌కి పంపాలి. అంటే క్రిమిని బతికుండగా పెంచాలి. కోడిగుడ్లు కలిపి చేసిన ఆకుపచ్చటి గట్టి ఆహారం మీద అయితే ఎనిమిది వారాల దాకా ఎదురుచూస్తారు. ద్రవంలో పెంచితే 42 రోజులు. పెంచే ముందు మామూలు క్రిముల్ని చంపడానికి కాస్టిక్ సోడాతో శుద్ధి చేస్తారు. అవి మరీ పెరిగిపోయి ఉంటే ఆ మోతాదుకి చావవు. మోతాదు పెంచితే క్షయ క్రిమి కూడా చస్తుంది.

నేను చూసిన ఒక నమూనా అలాగే పాడైంది. ఎండాకాలం శనివారం మధ్యాహ్నం పెట్టె కట్టారు. ఐస్ ప్యాకులు సరిగ్గా గడ్డకట్టకుండానే పెట్టారు. ఆదివారం ఎక్కడో ఆగింది. సోమవారం సాయంత్రం చేరింది. కొన్ని వారాల తర్వాత వచ్చిన జవాబులో రోగి గురించి ఏమీ లేదు, నమూనా చెడిపోయింది, మళ్ళీ పంపండి అని ఉంది. ఆయన నేతగాడు, ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. మళ్ళీ పంపాం. ఈసారి వచ్చిన జవాబులో ఆయన వాడుతున్న మందులు పనిచేయవని ఉంది. ఆ పోయిన వారాల్లో ఆయన పనిచేయని మందులే మింగుతూ ఉన్నాడు. శనివారం మధ్యాహ్నం పెట్టె కట్టకూడదని, పండగ ముందు రోజు కట్టకూడదని, బండి ఎప్పుడు బయలుదేరుతుందో తెలుసుకుని కళ్ళె తీయాలని నేను అప్పుడు నేర్చుకున్నాను.

పెట్టె కట్టే పని చూస్తే చిన్నది. కళ్ళె పోసి మూత బిగించిన గొట్టం చుట్టూ పారాఫిల్మ్ అనే సాగే పొర చుట్టాలి, కారకుండా. దాని చుట్టూ దూది, గొట్టం పగిలితే మొత్తం పీల్చుకునేంత దూది. దాన్ని జిప్ కవర్లో, ఆ కవర్ని గట్టి డబ్బాలో పెట్టాలి. ఆ డబ్బాని ముందురోజే ఫ్రీజర్లో గడ్డకట్టించిన జెల్ ప్యాకుల మధ్య థర్మోకోల్ పెట్టెలో నిలువుగా పెట్టాలి. లోపల 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం ఉండాలి. మామూలు ఐసు ముక్కలు వేస్తే కరిగి పేర్లు చెరిగిపోతాయి. రోగి వివరాల కాగితాన్ని గొట్టంతో కలిపి పెట్టకూడదు, వేరే కవర్లో పెట్టాలి. పెట్టె మీద వజ్రాకారపు గడిలో యూఎన్ 3373 అని ఉంటుంది. ఏ దేశంలోనైనా ఆ గుర్తుకి ఒకటే అర్థం, లోపల పరీక్షకి వెళ్ళే నమూనా ఉంది, జాగ్రత్త అని. ఇంతా చేసి మూడు రోజుల్లోపు కల్చర్ ప్రయోగశాల చేరాలి.

దారి కోసం రకరకాల ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2018లో ఢిల్లీలో తపాలా శాఖ పోస్టుమాన్ చేత కళ్ళె పెట్టెలు మోయించి చూసింది. ఉత్తరం ఏ ఇంటికి వెళ్ళాలో, ఏ పూట బండి వెళుతుందో ఆయన కంటే తెలిసినవాడెవరు? తెలంగాణలో బీబీనగర్ ఎయిమ్స్ వాళ్ళు చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల నుంచి డ్రోన్ల మీద కళ్ళె తెప్పించారు. ఎదురుమొండి పాయ మీదుగా అలాంటిది ఒకటి ఎగిరితే చూడాలని నాకు కోరిక. అది వచ్చేదాకా పంటు మీద పెట్టె పట్టుకుని నిలబడే ఏఎన్ఎం అమ్మాయి, ఆశా తల్లి మన దారి. వాళ్ళ చేతిలో పెట్టె కనిపిస్తే ముందు ఎక్కనివ్వండి.

కళ్ళె రాని క్షయ కూడా ఉంది. మెడ దగ్గర గడ్డలు కట్టే క్షయ, వెన్నులో వచ్చేది, పిల్లల్లో వచ్చేది. మాకు తెలిసినవాళ్ళ అమ్మాయికి మెడగడ్డ తీశారు. తీసిన ముక్కని మొత్తం ఫార్మలిన్‌లో వేశారు. సూక్ష్మదర్శినిలో కణాలు చూడ్డానికి ఫార్మలిన్ మంచిదే, కానీ క్రిమిని అది చంపేస్తుంది, కల్చర్‌కి ఆ ముక్క పనికిరాదు. మళ్ళీ కోత అన్నారు. ఆ పిల్ల తల్లి ఏడుపు నా చెవుల్లో ఉంది. అందుకే ఎవరికైనా గడ్డ తీసే ముందు, డాక్టరుగారూ, కొంచెం ముక్క సెలైన్‌లో కూడా వేయండి, టీబీ పరీక్షకి పంపాలి అని అడగండి. అడిగితే తప్పేం లేదు. చిన్నపిల్లలు కళ్ళె మింగేస్తారు కాబట్టి వాళ్ళ కడుపులోంచి ద్రవం తీసి పరీక్షిస్తారు, ఈమధ్య మలంలో కూడా సీబీనాట్ చేయవచ్చని తేలింది.

ఒక పాత సంగతి కూడా చెప్పాలి. 1960ల మొదట్లో కర్ణాటకలోని తుముకూరు జిల్లాలో బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఊళ్ళు తిరిగి క్షయ రోగుల్ని వెతికారు. వాళ్ళలో సగంమంది దాకా అప్పటికే తమంతట తాము ఆసుపత్రి గడప తొక్కారని, దగ్గుమందు సీసా ఇచ్చి పంపేశారని తేలింది. పల్లెటూరి మనిషి ఆసుపత్రికి రాడనే మాట అప్పుడే అబద్ధమని తేలిపోయింది. ఈరోజుకీ మందుల షాపులో, ఆర్ఎంపీ దగ్గర ఆ సీసా అలాగే చేతులు మారుతోంది. రెండు వారాలు దాటిన దగ్గుకి ఆ సీసా కొనకండి. షుగరు ఉన్నవాళ్ళయితే అంతకాలం కూడా ఆగకండి. కళ్ళె డబ్బా అడగండి. పరీక్ష ఉచితం, మందులు ఉచితం. వైద్యం నడిచినన్నాళ్ళూ తిండికి నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి, 2024 నవంబరు నుంచి ఐదొందల్ని వెయ్యి చేశారు. ఏ అనుమానం ఉన్నా 1800 11 6666కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

ఇంట్లో దగ్గుతున్నవాళ్ళుంటే ఈ సాయంత్రమే మీ ఆశా కార్యకర్త దగ్గర డబ్బా తెచ్చుకోండి. రేపు పొద్దున పెరట్లోకి వెళ్ళి, ఊపిరి నిండా పీల్చి, లోపల్నుంచి దగ్గండి. మూత బిగించి, పేరు చూసుకుని, ఎండ ఎక్కకముందే ఆసుపత్రికి చేర్చండి. నెగెటివ్ వచ్చినా దగ్గు తగ్గకపోతే మళ్ళీ వెళ్ళి ఇంకో డబ్బా అడగండి. ఎవరూ కాదనరు.